అందాజా చాలదు

వేగము పట్ల యువకులకు గల మక్కువ నేటిది కాదు. ఆ మక్కువను మందలించుట సులభము. దానికి తగిన స్థలమును, తగిన శాస్త్రమును చూపుట కష్టము. స్థలము కలదు. శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలోని రేసు ట్రాకు వంటి చోట్ల సామాన్యులు రుసుము చెల్లించి, పోటీ లేకుండ, తమ సొంత వాహనములనే వేగముగా నడుపుకొనుటకు ప్రత్యేక దినములు ఏర్పాటగుచున్నవి. వీనిని ట్రాక్ డే అందురు. ఇక శాస్త్రము మాట. ఆ దినమున కారు టైర్లలో గాలి ఎంత ఉండవలెనన్న ఒక్క ప్రశ్నను తీసికొని, మా అభిప్రాయమును విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

సాధారణముగా జరుగునదేమి? క్రొత్తవాడు ప్రక్కవానిని అడుగును: “మీరెంత కొట్టించారు?” అతడొక అంకె చెప్పును, ఇతడు అదే కొట్టించును. ఇది పరీక్షలో ప్రక్కవాని జవాబు చూచి వ్రాయుట వంటిది. అందులోను అతని ప్రశ్నాపత్రమే వేరు! కారు బరువు వేరు, టైరు రకము వేరు, నడుపు తీరు వేరు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఉదయము కొట్టించిన గాలి, ట్రాకుపై ఉండు గాలి ఒకటి కావు. ఘనపరిమాణము మారనప్పుడు వాయు పీడనము పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతములో ఉండునని ఇంటర్మీడియట్ విద్యార్థి ఎరుగును. 25 డిగ్రీల వద్ద చదరపు అంగుళమునకు 30 పౌండ్లు కొట్టించితిమనుకొందము. గేజి చూపునది వాతావరణ పీడనమునకు పైబడిన భాగమే గనుక, దానికి 14.7 కలుపవలెను, ఈ మెట్టునే మన విద్యార్థులు తరచు మరతురు. లోపలి గాలి 80 డిగ్రీలకు చేరినచో గేజి 38 పౌండ్లు దాటి చూపును. ఒక్క బొట్టు గాలి కొట్టకయే 8 పౌండ్లు పెరిగినవన్నమాట.

గాలి హెచ్చినచో టైరు నడిమి భాగము ఉబ్బి, నేలను అంటు వైశాల్యము తగ్గి, పట్టు సడలును. తగ్గినచో మలుపులలో టైరు ప్రక్కగోడ ఒరగి, అంచులు అరుగును. అతిగా వంగుటచే వేడి పుట్టి, టైరు లోపలి అల్లికయే చెడిపోవును. “గాలి తగ్గించిన కొలది పట్టు పెరుగును” అను నానుడి సగము సత్యమే. ఆ రెండవ సగము ప్రాణాంతకము.

ఇది ఔత్సాహికులకే పరిమితమైన ప్రమాదము కాదు. 2013లో సిల్వర్‌స్టోన్‌లో జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో పలు కార్ల టైర్లు పరుగులోనే పగిలినవి. పిరెల్లీ సంస్థ తన విచారణలో చూపిన కారణములలో, తాము సూచించిన దానికంటె తక్కువ గాలితో నడుపుట ఒకటి. ఉద్దండులైన ఇంజనీర్లకే కొలత తప్పినప్పుడు మన అందాజా ఏపాటిది?

కావున చేయవలసినది ఇది. కారు తలుపు చెంత తయారీదారు అంటించిన పట్టీలోని అంకెతో, చల్లని టైర్లతో మొదలిడవలెను. టైరు అంచున సుద్దముక్కతో గీతలు గీయవలెను. నాలుగైదు చుట్లు తిరిగి, ఆగిన వెంటనే నాలుగు టైర్లను కొలిచి వ్రాసికొనవలెను. సుద్ద ఎంతవరకు చెరిగినదో చూచినచో టైరు ఎంత ఒరిగినదో తెలియును. గడియారపు ముల్లు దిశలో తిరుగు ట్రాకుపై ఎడమ టైర్లే ఎక్కువ భారము మోసి, ఎక్కువ వేడెక్కును గనుక నాలుగింటికి ఒకే లెక్క చెల్లదు. పెరిగిన గాలిని ఒకటి రెండు పౌండ్ల చొప్పున వదలుచు, మరల నడిపి, మరల కొలువవలెను.

ఇక మేము అన్నిటికంటె నొక్కి చెప్పదలచినది సాయంకాలపు సంగతి. హైదరాబాదు నుండి ఇరుంగాట్టుకోట్టైకి 600 కిలోమీటర్లు పైబడిన దారి. మనవారిలో పలువురు ఆ కారులోనే, ఆ టైర్లతోనే ఇంటికి మరలుదురు. వేడిమీద 32 పౌండ్లకు దించిన గాలి, టైరు 25 డిగ్రీలకు చల్లారిన పిదప 25 పౌండ్లకైనా అందదు. ఆ టైరుతో, సామాను నింపుకొని, రాత్రివేళ రహదారిపై పోవుట ట్రాకుపై చేసిన ఏ సాహసముకంటెను ప్రమాదకరము. ట్రాకుపై తప్పు చేసినవాని ఎదుట ఖాళీ నేల ఉండును; రహదారిపై ఎదుటివాని కుటుంబముండును. మరల గాలి కొట్టించనిదే ట్రాకు గేటు దాటరాదు.

ఇది ధనికుల వినోదము, మన కళాశాలకేల అని పెద్దలు అడుగవచ్చును. ట్రాకునకు పోవువారు కొందరే; కాని గాలి నింపిన చక్రముపై రానివారు మనలో ఎందరు? భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక మంచి గేజి కొనియిచ్చినచో, ఆవరణలోని వాహనముల టైర్లనే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, నడిపి వచ్చిన వెంటనే ఒకసారి విద్యార్థులు కొలిచి చూతురు. పుస్తకములోని సూత్రము చేతికి అందును.

అందాజా అను మాటను ఉర్దూ మనకిచ్చినది. తెలుగువారు దానిని అందాజుగా మార్చి వాడుకొనుచున్నారు. వంటలో ఉప్పునకు అది చాలును. టైరులో గాలికి మాత్రము గేజియే ప్రమాణము కావలెనని మా మనవి.