ఐలమ్మ గెలిచిన కేసు పాటలోకి రావాలి

జనగామ జిల్లా పాలకుర్తి చాకలి ఐలమ్మ కథను ఎవరు చెప్పినా పొలం దగ్గరే నిలబడి చెబుతారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు పంట కోయడానికి రావడం, ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు గుత్పకర్రలతో తరమడం, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరడం. కోర్టు మాత్రం రెండు ముక్కల్లో దాటిపోతుంది.

అసలు నాటకం ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఒకవైపు 40 వేల ఎకరాల దొర. మరోవైపు భూమి కౌలుకు పట్టి సేద్యం చేసుకునే చాకలి మహిళ. ఆమె తరఫున వాదించినవారు కొండా లక్ష్మణ్ బాపూజీ. ఆ భూమి మీద నడిచిన కేసు ఐలమ్మే గెలిచింది. గెలిచినా పంటకు కాపలా తప్పలేదు! తీర్పును కళ్లం దాకా మోసుకొచ్చే బలం ఆనాటి నైజాం రాజ్యంలో చట్టానికి లేకపోయింది.

పాశ్చాత్య సంగీతం ఇలాంటి ఘట్టాలను వదిలిపెట్టలేదు. 1786లో వియన్నాలో తొలిసారి ఆడిన మొజార్ట్ సంగీత నాటకం (ఆపెరా) ‘ఫిగారో పెళ్లి’లో అప్పు తీర్చలేని సేవకుడి మీద తీర్పు దొర ఇంట్లోనే, దొర కోరినట్టే వస్తుంది. వెంటనే కథ తిరగబడుతుంది. ఒకరి సంతోషం, ఇంకొకరి కోపం, మరొకరి అయోమయం కలిపి ఆరు గొంతులు ఒకేసారి పాడతాయి. వ్యాజ్యం ఎన్ని మనసులను కుదుపుతుందో చెవికి తెలిసేది అక్కడే. బీథోవెన్ ‘ఫిడేలియో’లో (1805) మంత్రి వస్తున్నాడని బాకా మోగగానే అన్యాయంగా చెరలో పడ్డవాడి ప్రాణం నిలుస్తుంది.

పాలకుర్తికి ఏ మంత్రీ రాలేదు.

ఐలమ్మ నాటి తెలంగాణ రైతాంగ పోరాటానికి పాటలు తక్కువేమీ కాదు. బండి యాదగిరి కట్టిన పాటను ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడితే ఊరూరా మారుమోగింది. ఆ పాటల్లో ధర్మాగ్రహం నిండుగా ఉంది. దొంగ కాగితం, సాక్షి, వకీలు, తీర్పు మాత్రం దాదాపు కనిపించవు. చదువులేని మనిషి దొరను కోర్టులో నిలదీయడం కూడా తిరుగుబాటే. దానికీ ఒక రాగం దక్కాలి.

అందుకు ఆపెరా తెచ్చుకోనక్కర్లేదు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య ఊరు మాణిక్యాపురం ఈ జిల్లాలోదే. ఒగ్గుకథలో ఒకే కథకుడు గొంతు మార్చి దొరవుతాడు, వకీలవుతాడు, ఐలమ్మవుతాడు. తోటి కథకుడు అడ్డుప్రశ్న వేస్తాడు. తీర్పు చదివేటప్పుడు డోలు ఆపేసి, ఆ నిశ్శబ్దం మీదే కళ్లం దగ్గరి గుత్పల చప్పుడు మొదలుపెడితే చాలు.