బిల్లు ఆమెది, కప్పు ఎవరిది?

మొన్న వేసవిలో గుంటూరులో మా సంఘం సమావేశం ఒక సభ్యురాలి ఇంట్లో జరిగింది. వెనక రెండు గదులకు స్లాబు, ముందు గదికి రేకులు. ఆ ముందు గదిలో కుట్టు మిషన్ పక్కన చాపలు పరచుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి చర్చ ఆపి అందరం అరుగు మీదకు వచ్చేశాం. ఆమె రోజూ ఆ గదిలోనే ఎనిమిది గంటలు జాకెట్లు కుడుతుంది. తొమ్మిదేళ్ళ క్రితం భర్త పోయినప్పటి నుంచీ కరెంటు బిల్లు కట్టేదీ ఆమే.

సోలార్ పలకలు పెట్టించుకుందామని ఆమె బ్యాంకుకు వెళ్ళింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్య ఘర్ పథకం సంగతి మీలో చాలామందికి తెలిసిందే. కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడూ ఆపైన అయితే మొత్తం 78,000 సబ్సిడీ ప్రకటించారు. మిగతా ఖర్చుకు మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేని బ్యాంకు అప్పు, రెపో రేటు మీద అర శాతం వడ్డీతో ఇస్తామన్నారు. ఒక కిలోవాటుకు నెలకు సుమారు వంద, నూట ఇరవై యూనిట్లు వస్తాయి. మిషన్‌కూ, ఫ్యానుకూ అది చాలు. మంచి పథకం కాదని నేననను.

తాకట్టు అడగని బ్యాంకు, కప్పు ఎవరిదని మాత్రం అడిగింది. ఇంటి పన్ను రసీదూ, కరెంటు కనెక్షనూ రెండూ మూడేళ్ళ క్రితం పోయిన మామగారి పేరు మీదే ఉన్నాయి. మరుదుల సంతకాలు తెమ్మన్నారు. వాళ్ళు పెట్టలేదు. "ఇవాళ పలకలంటావు, రేపు ఇల్లే నాదంటావు" అన్నాడట పెద్ద మరిది.

అతని భయానికి ఆధారం ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, మామగారు విల్లు రాయకుండా పోతే, ఆయనకంటే ముందే చనిపోయిన కొడుకు వాటా ఆ కొడుకు భార్యకూ పిల్లలకూ వస్తుంది. ఈ విషయం మరిదికి తెలుసు. ఆమెకు తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్న మేమూ ఎప్పుడూ అడగలేదు. పొదుపు సంఘాల లెక్కలు రాయించాం, సభలకు పిలిచాం, ఇల్లు ఎవరి పేరున ఉందో మాత్రం అడగలేదు. కూతుళ్ళకు సమాన వాటా కోసం 1985లోనే చట్టం సవరించుకున్న రాష్ట్రం మనది. అయినా కోడలి వాటా మన చర్చల్లోకి ఎందుకో రాలేదు.

ఇక నా సంగతి. ఇంటి మరమ్మతుకూ, పై అంతస్తులో చల్లదనం కోసం వేసిన పూతకూ, పలకలకూ కలిపి మేమొక అప్పు తీసుకున్నాం. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాను. నా జీతం కలిస్తే అప్పు పెరుగుతుందన్నారు, పెట్టాను. ఇల్లు మాత్రం మా ఆయన ఒక్కరి పేరునే ఉంది. మా ఒప్పందం ప్రకారం ఆ అప్పులో ప్రతి రూపాయికీ ఇద్దరమూ బాధ్యులమే. వాయిదా తప్పితే బ్యాంకు నన్నూ అడుగుతుంది, ఇల్లు అమ్మితే ఎవరూ నన్ను అడగక్కర్లేదు. 2005 గృహహింస చట్టం నాకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది, నిజమే. ఉండే హక్కు వేరు, ఇల్లు నాదవడం వేరు. హక్కుల పత్రికకు సంపాదకీయాలు రాసే మనిషి సంతకం పెట్టే ముందు ఆ తేడా ఆలోచించలేదు. సిగ్గుగానే ఉంది.

పచ్చదనం పేరుతో కొత్త అప్పులు ఇంకా వస్తాయి. తక్కువ వడ్డీ అంటారు, ఆడవాళ్ళకు రాయితీ అంటారు. అప్పు పత్రంలో ఆమె పేరు ఉంటే ఇంటి పత్రంలోనూ ఉండాలని బ్యాంకులు షరతు పెట్టవచ్చు. పేదల ఇళ్ళకు 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో స్త్రీ పేరు ఉండాలన్న నియమం పెట్టారు కదా! సొంత కప్పే లేని అద్దెవాళ్ళకు ఈ అప్పులేవీ అందవు. వాళ్ళకు కప్పు మీద వేసే తెల్ల సున్నం ఖర్చయినా ఇంటి యజమాని భరించాలని మనం అడగాలి.

ప్రస్తుతం ఆమె చేతిలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం పెట్టిన దరఖాస్తు ఉంది. అది వచ్చాక ఇంటి పన్ను పుస్తకంలో, ఆ తర్వాత కరెంటు కనెక్షన్లో పేరు మార్పించాలి. వచ్చే సోమవారం మేం నలుగురం ఆమెతో పాటు మునిసిపల్ ఆఫీసుకు వెళ్తున్నాం. ఈలోగా మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీసి, పైన ఎవరి పేరుందో చూసి మాకు రాయండి.