150 మాట ఎత్తరేం?

సికింద్రాబాద్ వైపు ఒక విమానాశ్రయం ఉండాలన్న మాట ఎన్నికలకో బడ్జెట్‌కో ఒకసారి పైకి తేలుతుంది. పాత బేగంపేట విమానాశ్రయం మళ్లీ తెరవమనేవారు కొందరు, వైమానిక దళం హకీంపేట ఇవ్వమనేవారు కొందరు, మెట్రో వేస్తే చాలదా అనేవారు ఇంకొందరు. గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ 150 అన్న అంకె ఒక్కరి నోటా రాదు. ఆ అంకె ఎత్తకుండా ఈ సంగతి మాట్లాడటం, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడక్కుండా తలుపు రంగు గురించి తగువులాడటమే.

శంషాబాద్ కోసం 2004 డిసెంబరులో కేంద్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా, ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయనివ్వకూడదు. అది కొత్తదైనా పాతదైనా, అంతర్జాతీయమైనా దేశీయమైనా సరే. విమానాలు మొదలైంది 2008 మార్చి 23న. కాబట్టి 2033 మార్చి దాకా ఈ గీత చెరగదు. మ్యాపు మీద వృత్తం గీసి చూడండి. మెదక్, సిద్దిపేట, భువనగిరి, నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నీ లోపలే. వరంగల్ మామునూరు కూడా లోపలే. నిజాం కాలంలో కట్టిన ఆ రన్‌వేకు ప్రాణం పోయాలంటే శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే కంపెనీ అభ్యంతరం లేదని చెప్పాల్సివచ్చింది. ఆ మాట వచ్చాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది. ఇదే 150 లోపల ఉన్న బీదర్‌లో బెంగళూరు విమానం 2020లోనే దిగింది. మనకేమో రోజువారీ ప్రయాణికుల విమానం దిగే చోటు రాష్ట్రం మొత్తానికి ఇప్పటికీ ఒక్క శంషాబాదే.

మా మారేడ్‌పల్లి నుంచి బేగంపేట అయిదారు కిలోమీటర్లు. శంషాబాద్ నలభై కిలోమీటర్ల మాట. జేబీఎస్ దగ్గర పుష్పక్ బస్సెక్కితే తార్నాక, ఉప్పల్, ఎల్బీనగర్ చుట్టి తీసుకెళ్తుంది. తెల్లవారుజామున ఢిల్లీ విమానమంటే ఇక్కడివాళ్లకు ముందు రాత్రి నిద్ర లేనట్టే. అమెరికా నుంచి అర్ధరాత్రి దిగే పిల్లల కోసం కారు కట్టించుకుని బయల్దేరే ముసలివాళ్లు మా వీధిలోనే నాలుగైదు ఇళ్లలో ఉన్నారు. 'ఔటర్ రింగు రోడ్డు ఉంది కదండీ' అని గచ్చిబౌలిలో కూర్చుని చెప్పడం తేలికే. ఔటర్ ఎక్కడానికి ముందు మేము తిరుమలగిరి, అల్వాల్ దాటాలి.

పెట్టుబడి పెట్టినవాడికి భరోసా కావాలి, నిజమే. 2004లో అంత డబ్బు ఎవరు తెస్తారన్న భయమూ ఉండేది. కానీ ఏడాదికి కోటీ 20 లక్షల మందికి సరిపడా కట్టిన చోట 2024-25లో దాదాపు 2.9 కోట్ల మంది తిరిగారు. ఇంకా దేని నుంచి రక్షణ? హకీంపేట నుంచి విజయవాడకో, తిరుపతికో రోజుకు నాలుగు విమానాలు ఎగిరితే శంషాబాద్ కూలిపోతుందా?

హకీంపేట వైమానిక దళం శిక్షణ కేంద్రం కదా, కుదరదంటారు. విశాఖలో మనం దిగుతూ వచ్చింది నౌకాదళం రన్‌వే మీదే. పుణెలో వైమానిక దళానిది. అక్కడ వేళలు సర్దుకున్నప్పుడు ఇక్కడ ఎందుకు సర్దుకోవు? 2023 జులై 31న రాష్ట్ర మంత్రివర్గం పుణె, గోవాల పేర్లు చెప్పే హకీంపేట అడుగుతూ తీర్మానించింది. బాగానే ఉంది. కానీ రక్షణ శాఖ సరేనన్నా, 150 అడ్డం తొలగకపోతే ఆ తీర్మానం కాగితమే.

ఎలాగూ 2033లో గడువు తీరుతుంది, ఆగరాదా అనే పెద్దమనుషులూ ఉన్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేసుకున్న జాతి మనది. 2033లో ఫైలు తెరిస్తే విమానం ఎగిరేదెప్పుడో లెక్క వేసుకోండి. పైగా శంషాబాద్ ఒప్పందాన్ని 2022లో మరో 30 ఏళ్లు, 2068 మార్చి దాకా పొడిగించారు. పొడిగింపు కోరే హక్కు కంపెనీకి ఒప్పందంలోనే ఉంది, కాదనను. అయితే 46 ఏళ్ల భవిష్యత్తు బల్ల మీద పెట్టుకున్న రోజున, మా 150 సంగతేమిటని పక్కన కూర్చుని అడగాల్సినవాళ్లు ఎక్కడున్నారు? ఆ కంపెనీలో 13 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది. వాటాదారుకు నోరుండదా?

మామునూరుకు తెచ్చిన అంగీకారాన్ని హకీంపేటకూ తేవచ్చు, దేశీయ విమానాల వరకైనా. దానికోసం కంపెనీకి ఒక్క ఉత్తరం రాసి ఉంటే బయటపెట్టండి. రాయలేదంటారా, వచ్చే ఎన్నికల్లో మారేడ్‌పల్లి మైదానంలో వేదిక ఎక్కి రెండో విమానాశ్రయం పేరు ఎత్తకండి.