డ్రాప్సీ అంటే ఏ జబ్బు?

"మా తాతగారు ‘డ్రాప్సీ’తో పోయారని పాత కాగితాల్లో ఉంది. అదేం జబ్బు? మాకూ వస్తుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

గ్రీకులో నీటిని ‘హుడోర్’ అంటారు. దాన్నుంచి వచ్చిన ‘హైడ్రాప్సీ’కి తల తెగి ‘డ్రాప్సీ’ మిగిలింది. మనవాళ్ళు నంజు అనేది దీన్నే. అది జబ్బు కాదమ్మా, లక్షణం. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఏది దెబ్బతిన్నా ఒంటికి నీరు పడుతుంది. తాతగారికి ఏది చెడిందో ఆ మాట చెప్పదు. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఫాక్స్‌గ్లోవ్ ఆకు వాడిన అనుభవాలు ప్రకటించాడు. కొందరికి నీరు తీసింది, కొందరికి తీయలేదు. కారణాలు వేరు మరి! (ఆ ఆకు విషం కూడా.)

మీ పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోందా? ఉప్పు మానేసి ఊరుకోకండి. మూత్రం, రక్తం పరీక్ష చేయించండి. పడుకుంటే ఆయాసం వస్తుంటే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.