మూత గుండ్రంగానే ఎందుకుంటుంది?

రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత గుండ్రంగానే ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? నలుచదరపు మూతని ఐమూలగా తిప్పితే గుంటలో పడిపోతుంది. గుండ్రటిదాన్ని ఎటు తిప్పినా పడదు. మునిసిపాలిటీ ఉద్యోగానికి అడిగే ప్రశ్నలా ఉంది కదూ! ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లో ప్రోగ్రామర్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లని అడిగేవారట. ఇలాంటి ప్రశ్నల మీద విలియం పౌండ్‌స్టోన్ 2003లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

పదేళ్ల తర్వాత, అప్పట్లో గూగుల్‌లో నియామకాలు చూసే లాస్లో బాక్ ఈ పొడుపుకథలు శుద్ధ దండగని తేల్చేశాడు. అడిగేవాడు తన తెలివికి తానే మురిసిపోవడానికి తప్ప ఎందుకూ కొరగావన్నాడు. సరే, వాటి జోరు తగ్గింది. కానీ వాటి దాయాదులైన ఆల్గరిథమ్ చిక్కులెక్కలు మాత్రం ఇంటర్వ్యూ గదిలోనే తిష్ఠ వేశాయి.

ఆల్గరిథమ్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. వెయ్యి పేజీల నిఘంటువులో ఒక మాట వెతకాలి. మొదటి పేజీ నుంచీ తిప్పుతూ పోతే ఎప్పటికి దొరికేను? సరిగ్గా మధ్యకి తెరిచి, మన మాట ముందుందో వెనకుందో చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోతే పదిసార్లలో పేజీ దొరికిపోతుంది. అక్షరక్రమంలో కోటి పేర్లున్న జాబితా అయినా 24 సార్లు చాలు. ఇది తెలియనివాడు రాసిన ప్రోగ్రామ్ జనం పెరిగేకొద్దీ చతికిలబడుతుంది. కాబట్టి ప్రోగ్రామర్‌కి ఈ విద్య అక్కర్లేదని ఎవరూ అనరు.

పేచీ అంతా అడిగే తీరుతోనే. బోర్డు ముందు నిలబెట్టి, ముప్పావుగంట గడువిచ్చి, పక్కన ఒకాయన కన్నార్పకుండా చూస్తుంటే చిక్కుముడి విప్పాలి. మ్యాక్ కంప్యూటర్లు వాడే ప్రోగ్రామర్లకు చిరపరిచితమైన ‘హోమ్‌బ్రూ’ని తయారుచేసింది మ్యాక్స్ హోవెల్. గూగుల్ ఇంజినీర్లలో తొంభై శాతం మంది తన సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, బోర్డు మీద ఒక లెక్క చేయలేదని తనని తిప్పి పంపారంటూ ఆయన 2015లో ట్విటర్‌లో వాపోయాడు.

చూసేవాళ్లుంటే చెయ్యి వణకడం మామూలే. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులకు లెక్క ఇచ్చి చూశారు. కొందరు బోర్డు దగ్గర ఒకరి ఎదుట చేశారు, మిగతావాళ్లు గదిలో ఒంటరిగా చేశారు. ఎదుట మనిషి ఉన్నవాళ్ల పనితీరు సగానికిపైగా పడిపోయింది. ఆ గుంపులోని అమ్మాయిల్లో ఒక్కరూ గట్టెక్కలేదు. ఒంటరిగా చేసిన అమ్మాయిలందరూ గట్టెక్కారు. సంఖ్య చిన్నదే కావచ్చు గానీ, ఇంటర్వ్యూలో కొలుస్తున్నది తెలివినా, బెదురునా అన్న సందేహం మాత్రం రాక మానదు.

అలాగని ఈ లెక్కల్ని ఎత్తేద్దామా? తొందరపడకండి. ఊరూ పేరూ లేని కాలేజీలో చదివి, అమీర్‌పేటలో ఇరుకు గది అద్దెకు తీసుకుని, రాత్రీపగలూ ఇవే సాధన చేసే కుర్రాడి సంగతేమిటి? పెద్ద కాలేజీ పిల్లలకీ తనకీ ఒకే ప్రశ్న ఇస్తారన్నదే అతని ధైర్యం. అదీ పోతే మిగిలేవి కాలేజీ పేరు, తెలిసినవాళ్ల సిఫార్సు. ఆ రెండూ అతని దగ్గర లేవు.

పెళ్లికి వంటవాణ్ణి కుదుర్చుకునేటప్పుడు మనమేం చేస్తాం? ‘అరవై నాలుగు రకాల పచ్చళ్ల పేర్లు ఏకబిగిన చెప్పు’ అనం కదా! ఓ పూట వండించి రుచి చూస్తాం. ఇక్కడా అదే చేయొచ్చు. పాడైన ప్రోగ్రామ్ ఒకటిచ్చి, ‘తప్పెక్కడుందో పట్టుకుని బాగుచెయ్యి, ఎలా పట్టుకున్నావో తర్వాత చెప్పు’ అనొచ్చు. ఆ పని అందరికీ ఒక్కటే ఇస్తే అమీర్‌పేట కుర్రాడికీ అన్యాయం జరగదు. పైగా బట్టీ పట్టిన లెక్కల్ని ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో చేసిపెడుతోంది. అది ఇచ్చిన జవాబులో తప్పు పట్టగలిగిన మనిషే రేపు కంపెనీకి కావాలి. ఇలా పరీక్షించాలంటే అడిగేవాళ్లు కాస్త ఎక్కువ శ్రమపడాలి. అసలు చిక్కు అక్కడే!

ఈలోగా మీ అమ్మాయి ఇంటర్వ్యూ నుంచి ముఖం వేలాడేసుకుని వస్తే, ముప్పావుగంటలో తేలని లెక్కని చూసి నాలుగేళ్ల చదువుకి మార్కులు వేసేయకండి. ముందు అన్నం పెట్టండి.