ఎదురుగాలిలో ఒక దినం

ప్రయాణం కూడా ఒక పాఠశాలయే అని పెద్దలు చెబుతూ వచ్చారు. కాని ప్రయాణాలన్నీ పాఠాలు చెప్పవు. వాహనం వేగం పెరిగినకొద్దీ ఆ పాఠశాల తలుపులు మూసుకొనిపోతాయని మా అభిప్రాయం. దీనికి నిదర్శనంగా అమెరికా దేశపు ప్రెయిరీ మైదానాలలో సైకిలుపై సాగే ఒక్క దినపు యాత్రను పాఠకుల ముందుంచుతున్నాము.

1976లో ఆ దేశపు స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా, పసిఫిక్ తీరంలోని ఆరెగాన్ నుండి అట్లాంటిక్ తీరంలోని వర్జీనియా వరకు సుమారు 6,800 కిలోమీటర్ల సైకిలు మార్గాన్ని ఏర్పరచారు. ఆ ఒక్క వేసవిలోనే దాదాపు నాలుగు వేలమంది ఆ మార్గాన సైకిలు త్రొక్కారు. నేటికీ ఏటేటా యాత్రికులు ఆ దారిన పోతూనే ఉన్నారు. కొండల అందాలను గూర్చి చెప్పేవారు అనేకులు. నడుమ వచ్చే కాన్సాస్ రాష్ట్రాన్ని మాత్రం "అక్కడ చూడవలసినది ఏమున్నది?" అని త్రోసివేసేవారే ఎక్కువ. మేము ఆ కాన్సాస్ దినాన్నే ఎన్నుకొన్నాము.

స్కాట్ సిటీ నుండి నెస్ సిటీకి సుమారు 90 కిలోమీటర్లు. నడుమ డైటన్ అనే చిన్న పట్టణం. యాత్రికుడు సూర్యోదయానికి ముందే బయలుదేరుతాడు. ఎండ ముదిరినకొద్దీ గాలి కూడా ముదురుతుంది గనుక. చదునైన నేల కదా, సులభమే అని తలచేవారు ఆ గాలిని ఎరుగనివారు. కొండకైతే ఒక శిఖరం ఉంటుంది, ఆపైన దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి శిఖరమూ లేదు, దిగుడూ లేదు. రోడ్డు గీత గీసినట్లుంటుంది. ఇరుప్రక్కలా గోధుమ చేలు, జొన్న చేలు, పశువుల బీళ్ళు. రాబోయే ఊరు ముందుగా కనబడేది గోధుమలు నిలువచేసే ఎత్తైన కాంక్రీటు గాదెల రూపంలో. గాదె కంటికి కనబడిన తరువాత కూడా గంటసేపు త్రొక్కితేగాని ఊరు చేరదు.

ఊరు చేరినవానికి కావలసినవి ఎంతో స్వల్పం: కుళాయి నీరు, ఒక పూట భోజనం, చెట్టు నీడ, రాత్రి పడుకొనేందుకు గజం నేల. ఈ మార్గంలోని చిన్న పట్టణాలు అనేకం తమ ఉద్యానవనాలలో యాత్రికులను గుడారం వేసుకొనేందుకు అనుమతిస్తాయి. కారులో పోయేవాడు ఇవన్నీ వెంట తీసుకొని పోతాడు. ఎవరినీ అడుగవలసిన పని లేదు. సైకిలు యాత్రికుడు అడుగక తప్పదు. ఉర్దూలో ముసాఫిర్ అనే మాటలో ఉన్న నిస్సహాయతా, గౌరవమూ రెండూ అతనివే. అడగటంలో అవమానం లేదనీ, ఇవ్వటంలో గొప్ప లేదనీ ఆ దినం అతనికి నేర్పుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాము. డైటన్ దాటి నెస్ సిటీ చేరకముందు బీలర్ అనే కుగ్రామం ఉన్నది. కారుకు అది అర నిమిషం. సైకిలు దిగినవానికి అక్కడ జార్జ్ వాషింగ్టన్ కార్వర్ కథ దొరుకుతుంది. బానిస తల్లికి పుట్టిన ఆ నల్లజాతి యువకుణ్ణి కాన్సాస్‌లోని ఒక కళాశాల, ముందు చేర్చుకొంటామని చెప్పి, తీరా వచ్చిన తరువాత వర్ణం చూసి త్రిప్పి పంపినది. అతడు 1886లో ఈ ప్రాంతానికి వచ్చి, పచ్చికతో కూడిన మట్టిగడ్డలను ఇటుకలవలె కోసి ఇల్లు కట్టుకొని, ఈ గాలిలోనే సేద్యం చేశాడు. కొద్ది సంవత్సరాలకు ఈ నేలను విడిచి, 1890లో అయోవా రాష్ట్రంలో కళాశాల విద్యార్థి అయినాడు. 1896 నుండి టస్కిగీ విద్యాలయంలో బోధిస్తూ, వేరుశనగ మొదలైన పంటల ద్వారా నిస్సారమైన ప్రత్తి నేలలకు బలం చేకూర్చే మార్గం పేద రైతులకు చూపాడు.

ఆ చేలలోని గోధుమకు కూడా ఇటువంటి కథయే ఉన్నది. 1874లో రష్యా నుండి వలసవచ్చిన మెన్నొనైట్లు అనే అల్పసంఖ్యాక క్రైస్తవులు తమతో తెచ్చిన టర్కీ రెడ్ అనే శీతకాలపు గోధుమ కాన్సాస్ వ్యవసాయ స్వరూపాన్నే మార్చివేసినది. శూన్యమనిపించే ఆ మైదానం నిజానికి ఒకచోట కాదనిపించుకొన్నవారికీ, పరదేశం నుండి వచ్చినవారికీ ఋణపడి ఉన్నది. వేగంగా పోయేవానికి ఆ ఋణపత్రం చదివే తీరిక ఉండదు.

"ఇది తిండికి లోటు లేనివారి వినోదం, బ్రతుకు తెరువుకు సైకిలు త్రొక్కేవానికి ఎవరు స్వాగతం పలుకుతారు?" అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో సత్యం ఉన్నది. యాత్రికునికి తెరిచిన తలుపులు ఆనాడు కార్వర్‌కు తెరుచుకోలేదు. నేడైనా అందరికీ ఒకేవిధంగా తెరుచుకొంటాయని మేము అనము. అయితే, ఒక్క దినమైనా ఇతరుల దయపై ఆధారపడి, దాహంతో పరాయి వాకిట నిలిచినవాడు, రేపు తన వాకిట నిలిచినవానిని వర్ణం, మతం అడిగే ముందు ఒక్క క్షణం ఆగుతాడని మా నమ్మకం. ఆ ఒక్క క్షణం కోసమే ఈ యాత్ర.

విద్యార్థి మిత్రులారా! సైకిలుపై కళాశాలకు వచ్చేందుకు సిగ్గుపడేవారు మనలో లేకపోలేదు. అది పేదరికానికి గుర్తు అని ఎవరైనా అంటే అననివ్వండి. సెలవులలో ఒక్కరోజు ఊరి పొలిమేర దాటి, పేరు మాత్రమే విన్న పల్లెల మీదుగా పోయి చూడండి. నీళ్ళు అడగండి. ఊరి పేరు ఎట్లా వచ్చినదో అడగండి. ఎవరిని ఎవరు ఏనాడు కాదన్నారో, ఎవరు ఆదుకొన్నారో వినండి. గాలి ఎదురైతే మెల్లగా త్రొక్కండి. త్వరపడి చేరవలసిన చోటు ఏదీ లేదు.