నంబరు ప్లేటు డబ్బు ఎక్కడికి పోతోంది?



ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ ఎవరైనా కొత్త కారు కొంటే చుట్టుపక్కలవారు మొదట అడిగేది "నంబరు ఏమొచ్చింది?" అనే. అంకెలు కూడితే తొమ్మిది రావాలని కొందరికి, పాత బండి నంబరే కావాలని మరికొందరికి పట్టుదల. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడు పెట్టి, కొత్త బండ్లపై మన జిల్లా ఏపీ 04 తీసేసినా ఈ మోజు తగ్గలేదు. కోరిన నంబరుకు రవాణా శాఖకు ముందుగా ఫీజు కట్టాలి. అదే నంబరు మరొకరూ కోరితే వేలం. తెలంగాణలో 2024లో ఖైరతాబాదు ఆఫీసులో 9999 నంబరు 25 లక్షల 50 వేల రూపాయలకు పోయింది.

ఎవరి డబ్బు వారి ఇష్టం, మేము తప్పు పట్టము. ఆ సొమ్ము చేరేది ప్రభుత్వ ఖజానాకే. అయితే ఖజానాలో కలిసిన రూపాయి ఎవరికి మేలు చేసిందో పాట పాడినవారికి తెలియదు, మంచం మీదున్న రోగికీ తెలియదు. మా ఫిర్యాదల్లా అదే.

అమెరికాలో వేరే పద్ధతి ఉంది. 1986 జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు మరణించారు. వారి జ్ఞాపకార్థం ఫ్లోరిడా రాష్ట్రం మరుసటి సంవత్సరం ఒక ప్రత్యేక నంబరు ప్లేటు తెచ్చింది. తర్వాత కళాశాలలకు, సముద్రపు తాబేళ్లకు, రొమ్ము క్యాన్సరు పనికి కూడా ప్లేట్లు వచ్చాయి. చాలా ప్లేట్లకు యజమాని మామూలు ఫీజు మీద ఏటా 25 డాలర్లు అదనంగా కడతాడు, అది ఆ పనికే వెళుతుంది. కాలిఫోర్నియాలో పిల్లల ఆరోగ్యం, భద్రత కోసం అమ్మే ప్లేటుపై అంకెల మధ్య చిన్న చెయ్యి గుర్తో, హృదయం గుర్తో ఉంటుంది.

మమ్మల్ని ఆకర్షించింది బొమ్మలు కాదు, వాటి వెనకున్న నిబంధనలు. ఫ్లోరిడాలో కొత్త ప్లేటు కావాలంటే ముందు శాసనసభ ఒప్పుకోవాలి, 3,000 మంది ముందుగా డబ్బు కట్టాలి. తర్వాత వాడేవారు తగ్గిపోతే ప్లేటు రద్దు. డబ్బు తీసుకున్న సంస్థ ఏటా లెక్క చూపాలి.

మన దగ్గర కూడా అలా బొమ్మల ప్లేట్లు పెట్టాలా? వద్దనే మా అభిప్రాయం. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త బండ్లన్నిటికీ హోలోగ్రాం ఉన్న ఒకే రకం ప్లేటు వేస్తున్నారు, అది మంచిదే. గుద్ది పారిపోయిన బండి నంబరు దారిన పోయేవాడు ఒక్క చూపులో చదవగలగాలి. (మాట వచ్చింది గనుక: బండిపై రెడ్‌క్రాస్ గుర్తు వేసుకోవడం డాక్టర్లకు కూడా చెల్లదు. అది మన శిలువ గుర్తు కాదు. 1960 నాటి చట్టం దాని వాడకాన్ని నియంత్రిస్తుంది.)

కాబట్టి ప్లేటును ముట్టుకోనక్కర లేదు, డబ్బుకు దారి చూపితే చాలు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. చాలా మంచి పని. కాని తొడ ఎముక విరిగినవాడు ఏడు రోజుల్లో నడవడు. తలకు దెబ్బ తగిలినవాడు నెలల తరబడి మంచం మీదే ఉండవచ్చు. ఎనిమిదో రోజు నుండి ఆ ఇంట్లో గొర్రెలు అమ్ముతారు, పుస్తెలు కుదువ పెడతారు. ఫ్యాన్సీ నంబర్ల వేలంలో వచ్చే సొమ్ములో ఒక వంతు ఆ ఎనిమిదో రోజు కోసం వేరుగా ఉంచి, జిల్లాల వారీగా లెక్క ప్రకటించాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాము. బండి వల్ల వచ్చిన డబ్బు బండి కింద పడినవాడికి చేరడం న్యాయమే కదా.

వేలం మనకేమీ కొత్త కాదు. కోత పండుగనాడు గుడి ముందు గుమ్మడికాయను, చీనీకాయల గంపను అంగడి ధరకు ఎన్నో రెట్లు పాడి తీసుకుంటాము. పేరు కోసం పాడేవారు అక్కడా ఉన్నారు, దానం నలుగురి కంట పడనక్కర లేదన్న ప్రభువు బోధ తెలిసి కూడా. అయినా ఆ డబ్బుతో మేలు జరుగుతుంది. జమ్మలమడుగులో లండన్ మిషనరీలు నాటిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వెనుక కూడా దూరదేశపు సంఘాలు కూడబెట్టిన చందాలున్నాయి.

ప్రభుత్వాన్ని లెక్క అడిగేవాళ్లం మన లెక్కా చెప్పాలి. వచ్చే కోత పండుగ వేలంలో బీద రోగులకని కొంత సొమ్ము కేటాయించి, వచ్చినదెంత, ఎందరి చికిత్సకు ఎంత వాడామన్నది రోగుల పేర్లు రాయకుండా గుడి తలుపు దగ్గర, ఓపీ చీట్లు ఇచ్చే కిటికీ దగ్గర అంటించాలని సంఘ పెద్దలను కోరుతున్నాము.